ఫాస్ఫర్‌ని భాస్వరం అనొచ్చా?

నీలిచిప్పు: తెల్ల ఎల్ఈడీల మీద వ్యాసం. పోతనగారి సరస్వతీ ప్రార్థనలో, తెల్లనివన్నీ వరసపెట్టిన పద్యం మూడో పాదం చివర మొదలయ్యే మాట శీర్షికగా పెడదామని. నాలుక మీద ‘శుభ్రాకారత’ ఆడుతోంది. అదేనా? ఇంకోటి: నీలి వెలుగుని తెల్లగా మార్చే చిప్పు మీది పసుప్పచ్చ పొడిని, అదే ఫాస్ఫర్‌ని, ‘భాస్వరపు పూత’ అనొచ్చా?

గణవిభజన: శుభాకారత. ‘శుభ్రా’ అంటే శు గురువైపోతుంది, ఉత్పలమాల పాదం చివర వగణం (లఘువు, గురువు) చెడుతుంది. అర్థం ఎంత ఊరించినా సరే.

కొలిమి: పద్యం మీరు చూసుకోండి, భాస్వరం మాత్రం వద్దు. ఆ పొడి సీరియం కలిపిన ఇట్రియం అల్యూమినియం గార్నెట్ అనే స్ఫటికం. ఇట్రియంలో 2 శాతం సీరియం పెట్టాలంటే ఇట్రియం ఆక్సైడ్ 3.319 గ్రాములు, అల్యూమినా 2.549, సీరియం ఆక్సైడ్ 0.103. ఇందులో భాస్వరం ఎక్కడుందో చూపించండి.

పాణినిపక్షం: మూలకానికి ఆ పేరు నిన్నమొన్నటిది. భాస్ ధాతువు మీద వరచ్ ప్రత్యయం. స్థావర, ఈశ్వరలదీ అదే సూత్రం. భా-స్వరం అని విరిచి పలికేవాళ్లకి ఇది తట్టదు. వెలిగేదని అర్థం. వెలిగే పొడికే ఆ మాట లేదంటే ఎలా?

కొలిమి: ఎరువు బస్తా కొనేవాడికి చెప్పండి ఆ వ్యుత్పత్తి.

దీప్తిభేదం: పోనీ ‘స్ఫురదీప్తి పదార్థం’?

కొలిమి: అదీ కాదు. మీద పడే కాంతి ఆపాక కూడా నిలిచేది స్ఫురదీప్తి. ఇక్కడ చిప్పు ఇచ్చే 450 నానోమీటర్ల నీలం ఆగితే సీరియం వెలుగు 60, 70 నానోసెకండ్లలో సన్నగిల్లిపోతుంది. ప్రతిదీప్తి అనాలి. అదైనా కాల్చడం సరిగ్గా కుదిరితేనే: 1500 డిగ్రీల దగ్గర, నత్రజనిలో 5 శాతం హైడ్రోజన్ కలిపిన వాయువులో. గాలిలో కాలిస్తే కొంత సీరియం మూడు ధనావేశాల స్థితి నుంచి నాలుగుకి పోతుంది, అది వెలగదు. ద్రవకారిగా, అంటే వేడికి కరిగి పొడులు కలిసేలా చేసేదిగా, కాస్త బేరియం ఫ్లోరైడ్ వెయ్యకపోతే గార్నెట్ పూర్తిగా కట్టక మధ్యదశలు మిగులుతాయి. వెలుగు పెంచుదామని సీరియం మరీ దట్టిస్తే అయాన్లు శక్తిని ఒకదాని నుంచి ఒకటి లాక్కుని వేడిగా తగలేస్తాయి.

గణవిభజన: పోతన కర్పూరాన్నీ చందనాన్నీ ఒకే తెలుపులో కలిపేశాడు. పటీరం, అంటే చందనం, పసుపు కదా?

కొలిమి: తెలుపు ఛాయని కొలిచే వర్ణ ఉష్ణోగ్రతలో కర్పూరం 6500 కెల్విన్, చందనం 3000 అనుకోండి. ఒక్క గార్నెట్‌తో చందనం రాదు, ఎరుపు చాలదు. యూరోపియం చేర్చిన నైట్రైడ్ పొడి కలిపితే వస్తుంది గానీ, దాని వెలుగు కొంత కంటికి ఆనని ముదురెరుపులోకి పోతుంది. మాంగనీస్ చేర్చిన ఫ్లోరైడ్ పొడి 631 నానోమీటర్ల దగ్గర సన్నటి గీతగా ఇస్తుంది. తేమ తగిలితే గోధుమరంగుకి తిరుగుతుంది, అందుకే పైన పొర కడతారు.

దీప్తిభేదం: ‘వెలుగుపొడి’ అనేస్తే?

కొలిమి: నాకిష్టమే. సిలికోన్‌లో కలిపాక ఆలస్యం చేస్తే అడుగుకి దిగుతుంది, గార్నెట్ బరువు సిలికోన్‌కి నాలుగింతలు. ఒక్కో చిప్పు ఒక్కో తెలుపు. బుడగలు వాక్యూమ్‌లో తీసి వెంటనే పొయ్యండి.

పాణినిపక్షం: పొడి, పిండి ఏమిటండీ! ‘భాస్వరి’ అనండి, మూలకంతో పేచీ ఉండదు.

గణవిభజన: వరచ్‌కి స్త్రీలింగం భాస్వరా. ఈకారం ఎక్కడిది?

పాణినిపక్షం: మరి ఈశ్వరి?