అప్‌డేట్: టీ ఫ్రాంచైజీ షాపు అమ్మకం పూర్తయింది, ఫీజుల లెక్క ఇదీ

పోయిన నెల అడిగాను కదా, కూకట్‌పల్లిలో నా టీ షాపు 9 లక్షలకు అమ్ముతుంటే కంపెనీ లక్షన్నర ట్రాన్స్‌ఫర్ ఫీజు కట్టమంటోంది, కట్టాలా అని. కట్టాల్సే వచ్చింది.

మీరు చెప్పినట్టే అగ్రిమెంట్ తీసి కూర్చున్నా. 14వ పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది, అమ్మే రోజుకి కొత్త ఫ్రాంచైజీ ఫీజు ఎంతుంటే అందులో సగం అని. నేను చేరినప్పుడు 2 లక్షలు, ఇప్పుడు 3. నేను నా 2 లక్షల్లో సగమే అనుకుంటూ వచ్చాను, సంతకం పెట్టిన రోజు ఆ పేజీ అసలు చూడనే లేదు. పైన 18 శాతం జీఎస్టీ, ఇంకో 27 వేలు. మాది కస్టమర్ల బిల్లు మీద 5 శాతం జీఎస్టీ వేసే రెస్టారెంట్ లెక్క, అందులో మనం కట్టిన జీఎస్టీ తగ్గించుకోవడానికి ఉండదు కాబట్టి ఆ డబ్బు వెనక్కి రాదు.

కొన్నవాడికి ట్రైనింగ్ అని ఇంకో 25 వేలు అడిగారు. కొన్నది మూడేళ్లుగా నా దగ్గర టీ పెడుతున్న తమ్ముడే, వాడికి ఏం నేర్పిస్తారు అని గట్టిగా అడిగితే అది తీసేశారు. అడగండి, ఊరికే ఒప్పుకోకండి.

నడుస్తున్న షాపు మొత్తంగా అప్పగించాం కాబట్టి మా ఇద్దరి మధ్య అమ్మకం మీద జీఎస్టీ పడలేదు. ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్స్ (తిండి వ్యాపారానికి ఉండాల్సిన ఫుడ్ సేఫ్టీ లైసెన్స్) మాత్రం పేరు మారదు, తమ్ముడు కొత్తది తీసుకున్నాడు.

నిన్న పొద్దున తాళాలు ఇచ్చేశా. బాకీ లేదని కంపెనీ లెటర్ ఇచ్చింది, 50 వేల డిపాజిట్ ఇంకా రావాలి.