యాదమ్మ, శారద ఇద్దరూ ఒకేలా మాట్లాడుతున్నారు, ఎక్కడ తప్పుతోంది?

కూకట్‌పల్లి కథకుడు

2012లో కూకట్‌పల్లిలో నడిచే కథ. ఇంటి ఓనరు యాదమ్మది నల్లగొండ వైపు, యాభై ఐదేళ్లు. కింది పోర్షన్‌లో శారద, గుంటూరు నుంచి వచ్చి రెండేళ్లు. భర్త ఉద్యోగం పోయింది, రెండు నెలల అద్దె బాకీ. పేర్లు తీసేస్తే ఏ మాట ఎవరిదో తెలియట్లేదని చదివినవాళ్లంతా అంటున్నారు. ముక్క ఇదీ:

“శారదా, రెండు నెలల అద్దె బాకీ ఉన్నావు. మీ ఆయన ఉద్యోగం పోయిందని నాకు తెలుసు.”
“అవునండీ, చాలా బాధగా ఉంది. దయచేసి కొంచెం గడువు ఇవ్వండి.”

యాస పెడితే సరిపోతుందా? పెడితే ఎంత?

అచ్చుతప్పు

ముందు క్రియలు చూడండి, యాసలో సగానికి పైగా అక్కడే ఉంటుంది. యాదమ్మ నోట “వచ్చిన, వచ్చినవ్, వచ్చిండు, రాలే”. శారద నోట “వచ్చాను, వచ్చావు, వచ్చాడు, రాలేదు”. యాదమ్మ ఒకచోట “వచ్చిండు” అని పక్క వాక్యంలోనే “చెప్పాడు” అంటే పంటికింద రాయి తగిలినట్టే. శారద నోట్లోని “అండి”ని యాదమ్మకు ఇవ్వకండి. పెద్ద ఆఫీసరు ముందు నిలబడ్డా ఆవిడకు “సార్” వస్తుంది.

తర్వాత ఇంటి మాటలు: యాదమ్మకు కిరాయి, నల్లా, పుంటికూర; శారదకు అద్దె, కుళాయి, గోంగూర. పేజీకి రెండు మూడు చాలు. గిట్ల, గట్ల అని ప్రతి వాక్యంలో చల్లారంటే మనిషి పోయి సినిమా కామెడీ మిగులుతుంది. ఇంకోటి, శారద రెండేళ్లుగా ఇక్కడే ఉంది కదా, యాదమ్మతో మాట్లాడేటప్పుడు తనూ నల్లా అనే అంటుంది. ఫోన్లో వాళ్లమ్మతో మాత్రం కుళాయి. ఒకే మనిషి ఎదుటివాళ్లను బట్టి మాట మార్చడం ఈ ఊళ్లో రోజూ వినబడేదే, కథల్లోనే తక్కువ.

మూడో డ్రాఫ్ట్

పైన అచ్చుతప్పు గారు చెప్పింది నిజమే. కానీ మీ ముక్కలో అసలు జబ్బు యాస కాదు. ఇద్దరికీ ముందే తెలిసిన సంగతిని ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. పాఠకుడికి చేరవేయాలని మీరు వాళ్ల నోటితో చెప్పిస్తున్నారు. యాదమ్మకు డబ్బు కావాలి, మొహం మీద అడగలేకపోతోంది. శారదకు ఆ మాట రాకుండా ఈ పూట గడవాలి. ఈ రెండూ పట్టుకుని రాస్తే:

“నల్లా వచ్చింది, పట్టుకున్నవా?”
“పట్టానండి, రెండు బిందెలు.”
“మీ సారు బండి మూడు దినాల సంది ఈడ్నే ఉన్నది.”
“సర్వీసింగుకి ఇవ్వాలండి.”
“అట్లనా.” యాదమ్మ మెట్టు మీద కూర్చుంది. “ఒకటో తారీఖు పోయి ఎన్ని దినాలైంది?”
“ఆంటీ, టీ పెడతాను, లోపలికి రండి.”

కిరాయి అన్న మాటే రాలేదు. ఆయన పనికి పోవట్లేదని బండి చెప్పేసింది. అడిగినదానికి శారద జవాబివ్వలేదు, టీ అంది.

“అంది”లు ఎన్ని పడ్డాయో కూడా చూడండి. ఒక్కటీ లేదు. తెలుగులో అవి మాట అయిపోయాక వస్తాయి, నాలుగు వరసలు చదివాక “అంది యాదమ్మ” అని తెలిస్తే పాఠకుడు వెనక్కి వెళ్లాలి. మాట పొడవైతే మనిషినో పనినో ముందే పెట్టండి. ఇక్కడ “అండి” ఎవరిదో తెలుసు కాబట్టి ఆ అవసరం కూడా తక్కువ. కథనం మాత్రం ఒకే భాషలో ఉండాలి. యాదమ్మ పక్కన నిలబడగానే కథకుడు కూడా “కూసున్నది” అంటే, మొదటి నుంచీ అలాగే రాయాలి.

జేబుపుస్తకం

పాత్రకు ఇష్టమైన రంగు, పుట్టిన నక్షత్రం అంటూ నలభై ప్రశ్నల ఫారాలు తిరుగుతుంటాయి, వాటి జోలికి పోకండి. ఎవరిని నువ్వు అంటుంది, ఎవరిని మీరు అంటుంది? ఇవాళ చేతిలో ఎంత ఉంది? ఏ మాట నోటి నుంచి రానివ్వదు? ఈ మూడూ తెలిస్తే డైలాగ్ నడుస్తుంది.

సంవత్సరం కూడా సరిచూసుకోండి. మియాపూర్ నుంచి అమీర్‌పేటకు మెట్రో నడిచింది 2017 నవంబరులో, మీ కథలో శారద భర్త బస్సో ఎంఎంటీఎస్ లోకల్ రైలో ఎక్కాలి. యూపీఐ వచ్చింది 2016లో. అంటే కిరాయి చేతికే ఇవ్వాలి, నోట్లు లెక్కపెట్టే సీను మీకు ఉచితం.

ఆటో డ్రైవరు ఉంటే నక్కో (వద్దు), హౌ (అవును) చాలు, మొత్తం దక్కనీలో, అంటే హైదరాబాదీ ఉర్దూలో రాసి పాఠకుణ్ణి అలసిపోనివ్వొద్దు. అతను “పరసోం” అంటే కచ్చితంగా మొన్ననే అనుకోకండి, ఇక్కడ అది పది రోజుల కిందటిదైనా కావచ్చు.

కూకట్‌పల్లి కథకుడు

క్రియలన్నీ మారుస్తున్నాను. ఆ సర్వీసింగు అబద్ధాన్ని ఎక్కడ బయటపెట్టమంటారు?

మూడో డ్రాఫ్ట్

పెట్టొద్దు. మళ్లీ నల్లా వచ్చిన రోజు బండి అక్కడ ఉండదు. ఆ సాయంత్రం శారద ఒక నెల కిరాయి తెచ్చిస్తుంది. యాదమ్మ నోట్లు లెక్కపెట్టుకుంటుంది, బండి ఏమైందని అడగదు.