ఐఎస్ఓ 100లో జీబ్రా గీతలు రావు, ఫుటేజీలో మాత్రం హైలైట్లు (బాగా వెలుగున్న చోట వివరాలు) పోతున్నాయి

12-బిట్ రా వీడియో (సెన్సర్ పట్టింది దాదాపు పట్టినట్టే దాచే ఫార్మాట్) తీస్తున్నాను. గదిలో మనిషి, వెనక పడమటి కిటికీ, తెల్లటి కర్టెన్ మీద సాయంత్రం నాలుగు గంటల ఎండ. సెకనుకు 24 ఫ్రేములు, షట్టర్ 180 డిగ్రీలు, ఎపర్చర్ ఎఫ్ 5.6, వైట్ బ్యాలెన్స్ 5600. జీబ్రా (వెలుగు పెట్టిన శాతానికి చేరిన చోట తెర మీద గీతలు చూపే హెచ్చరిక) 100 శాతం.

ఐఎస్ఓ 400లో కర్టెన్ నిండా జీబ్రా గీతలు కనిపిస్తాయి. ఇంకేమీ కదపకుండా ఐఎస్ఓ ఒక్కటే 100కు దించితే గీతలు మాయం. తీరా ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ డావిన్చీ రిజాల్వ్‌లో రెండు క్లిప్పులకూ ఒకే ఐఎస్ఓ ఇచ్చి చూస్తే తేడా ఏమీ లేదు: రెండింటిలోనూ కర్టెన్ మడతలు పోయాయి, వేవ్‌ఫామ్‌లో (వెలుగు స్థాయిల గ్రాఫ్‌లో) ఆ భాగం బల్లపరుపుగా ఉంది. రాలో ఐఎస్ఓ ఫైలుకు అంటించిన చీటీ లాంటిదని తెలుసు. జీబ్రా కూడా ఆ చీటీనే చదువుతుంటే ఇక దానితో పనేమిటి?

ఎల్‌యూటీ (రంగులు మార్చి చూపే ప్రీసెట్) తీసేసి లాగ్‌లో, అంటే చప్పగా కనిపించే అసలు చిత్రంలో, చూశాను, అదే వరస. జీబ్రాను 95కు దించినా ఐఎస్ఓ 100లో ఏమీ పట్టలేదు. హిస్టోగ్రామ్ కుడి అంచుకు చేరకముందే నిట్టనిలువుగా తెగిపోతోంది. హైలైట్ రికవరీ వేస్తే కర్టెన్ బూడిద రంగుకు తిరుగుతోంది, మడతలు రావడం లేదు. ఫాల్స్ కలర్‌లో (వెలుగు స్థాయిలను రంగులుగా చూపే మోడ్‌లో) ఎరుపు సరైన చోటే వస్తోంది, కానీ అది పెట్టుకుని ఫోకస్ చూడటం నా వల్ల కాదు.

ఐఎస్ఓ 100లో సెన్సర్ నిజంగా క్లిప్ అయ్యే (వెలుగు నిండిపోయి వివరాలు పోయే) చోటే గీతలు రావాలంటే జీబ్రాను ఎంత శాతానికి పెట్టాలి?