పుట్టబోయే బిడ్డ పక్షాన ఏ చట్టం పట్టుకుని వాదించాలి?

మాది విశాఖ పెదజాలరిపేట. తాతయ్య వలలు ఆరబెట్టిన ఇసుకను సముద్రం కోసేసింది. మొన్న గట్టున కొబ్బరిచెట్టు వేళ్లు తేలి ఒరిగిపోయింది. అక్కకు ఇప్పుడు ఏడో నెల. ఆ బిడ్డకు తీరం మిగులుతుందా అన్న దిగులుతోనే మూట్ కోర్టు (న్యాయ విద్యార్థుల నమూనా వాదనల) పోటీకి వాతావరణ మార్పు, పుట్టబోయేవారి హక్కులు అనే అంశం ఎంచుకున్నాను.

1992 వాతావరణ ఒప్పందం మూడో అధికరణంలో భావి తరాల ప్రస్తావన ఉంది. 2025 జులై 23న అంతర్జాతీయ న్యాయస్థానం తన సలహా అభిప్రాయంలో తరాల మధ్య న్యాయాన్ని నిబంధనల వ్యాఖ్యానానికి మార్గదర్శకంగా చెప్పింది. నాకు అది చాలదనిపిస్తోంది. 2021లో జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం కూడా ఆ దేశ వాతావరణ చట్టంపై ఇచ్చిన తీర్పుకు బతికున్న యువత రేపటి స్వేచ్ఛనే ఆధారం చేసుకుంది.

మరి ఇంకా పుట్టనివారి తరఫున ప్రభుత్వాన్ని నిలదీయడం ఎలా? వాతావరణ మార్పు దుష్ప్రభావాల నుంచి రక్షణ హక్కును గుర్తించిన 2024 నాటి మన సుప్రీంకోర్టు తీర్పును దీనికి జోడించవచ్చా? తెలిసినవారు దయచేసి దారి చూపండి.