‘లాంఛనాలు మర్యాదగా జరిపించండి’: ఇందులో మర్యాద ఏ అర్థంలో?

(మాట్లాడేవారిని వారి వారి ఊరి పేరుతో గుర్తించాం.)

టెక్కలి: పెళ్లి సంబంధాలు మాట్లాడుకునే చోట తరచు వినబడే మాట ఇది. ‘మాకు కట్నం ఏటీ వద్దండి. లాంఛనాలు మాత్రం మర్యాదగా జరిపించండి.’ ఇందులో మర్యాద అంటే గౌరవమా, ఆచారమా, మరేటైనానా? నిఘంటువులో ఉన్నది నాకూ తెలుసు. ఈ వాక్యంలో ఆ మాట చేస్తున్న పనేటో చెప్పండి.

చీపురుపల్లి: సంస్కృతంలో మర్యాద అంటే హద్దు, గట్టు. సముద్రం మర్యాద దాటదన్నా, రాముడు మర్యాదా పురుషోత్తముడన్నా అర్థం అదే. ఆయన హద్దు మీరనివాడని, అంతేగాని పలకరింపు బాగుంటుందని కాదు. తెలుగులో ఆ హద్దు పలచబడి సత్కారం మిగిలింది. ‘మర్యాదలు’ అని బహువచనం చేస్తే ఇక విడిది, టిఫిన్లు, బట్టలే.

అసలు కిటుకు ‘గా’లో ఉంది. ‘మర్యాదగా మాట్లాడాడు’ అంటే మాట్లాడినవాడి గుణం. ‘మర్యాదగా ఇచ్చెయ్’ అంటే బెదిరింపు. క్రియ విధ్యర్థంలోకి, అంటే ‘చెయ్యి’ అని ఆజ్ఞాపించే రూపంలోకి వచ్చేసరికి మర్యాద బరువు ఎదుటివాడి నెత్తికెక్కుతుంది. మీ వాక్యం ఈ రెండో రకందే. చివర ‘అండి’ ఉంది కాబట్టి మొదటి రకంలా చెవికి ఆనుతుంది.

నరసన్నపేట: లాంఛనం అన్నా గుర్తే కదండీ. ‘లాంఛనంగా ప్రారంభించారు’ అంటే పేరుకి చేశారని. ఆడపడుచు లాంఛనం కూడా పేరుకే అయితే దానికి తులాల లెక్క ఎందుకు? కట్నం పుట్టుక కూడా కానుకే. పెళ్లిలో కట్నాలు చదివించడమంటే ఎవరేం ఇచ్చారో పైకి చదవడం. ఇచ్చేవాడి ఇష్టం మీద నడిచిన మాట, పుచ్చుకునేవాడి హక్కుగా మారింది. ఇప్పుడు కట్నం అన్న మాటకి చెడ్డపేరు రాగానే లాంఛనం దాని కుర్చీలో కూచుంది.

టెక్కలి: అయితే ఇది మర్యాదకి సంబంధించినదా, చట్టానికా, మతానికా, నీతికా?

చీపురుపల్లి: తెలుగులో ఒక సులువుంది మాస్టారూ. మర్యాద చెడితే అమర్యాద, చట్టం మీరితే నేరం, మతం కాదన్నది చేస్తే పాపం, నీతి తప్పితే తప్పు. ఒక పని తీసుకుని ఈ నాలుగు మాటలూ తగిలించి చూడండి. చెప్పులేసుకుని ఇంట్లోకి రావడం అమర్యాదే, నేరం కాదు. హెల్మెట్ లేకుండా బండి నడపడం నేరమే, ఎవరూ పాపమనరు. లాంఛనాల దగ్గర లెక్క తిరగబడుతుంది: అడగడం నేరం, ఇవ్వకపోవడం అమర్యాద! ఇక పాపం అన్న మాట అడిగినవాడి మీద కాకుండా ‘పాపం, ఆడపిల్ల తండ్రి’ అని జాలిగా మారి అవతలివాడి మీద పడుతోంది.

విజయనగరం: చట్టం సంగతి కాస్త వివరంగా చెప్తాను, చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. ఆంధ్రప్రదేశ్‌కి 1958లోనే సొంత వరకట్న నిషేధ చట్టం ఉండేది. 1961 కేంద్ర చట్టం దాన్ని రద్దు చేసి ఆ చోటులోకి వచ్చింది. 2వ సెక్షన్ ప్రకారం పెళ్లికి సంబంధించి ఒక పక్షం మరో పక్షానికి ఇచ్చిన, ఇస్తామని ఒప్పుకున్న ఆస్తి ఏదైనా కట్నమే. ఏ పక్షమో చెప్పలేదు కాబట్టి మగపెళ్లివారిచ్చే ఓలి కూడా అందులోకే వస్తుంది. ముస్లిం పెళ్లిలో భర్త భార్యకిచ్చే మెహర్‌కి మినహాయింపు. పుచ్చుకోకపోయినా అడగడమే నేరం: 4వ సెక్షన్ కింద 6 నెలల నుంచి 2 ఏళ్ల దాకా జైలు, 10,000 దాకా జరిమానా. పేరు లాంఛనమైనా ఒకటే.

అడక్కుండా ఇచ్చిన కానుకలకు మినహాయింపు ఉంది, షరతుల మీద. 1985 నిబంధనల ప్రకారం వధువుకి వచ్చినవి వధువు, వరుడికి వచ్చినవి వరుడు పెళ్లప్పుడే, లేదా వీలైనంత త్వరగా కాగితం మీద రాసుకోవాలి. వస్తువు, ఉజ్జాయింపు విలువ, ఇచ్చినవారి పేరు, బంధుత్వం ఉండాలి. ఇద్దరూ సంతకం పెట్టాలి. ఆడపెళ్లివారు వరుడికిచ్చేది ఆచారంగా వస్తున్నదై, వాళ్ల స్తోమతుకి మించనిదై ఉండాలి. చూశారా, చట్టం కూడా హద్దెక్కడో తేల్చడానికి ఆచారాన్నే అడుగుతోంది. చదివింపుల పుస్తకంలో రూపాయలు రాస్తారు గాని బంగారం, బండి రాయరు. తర్వాత తగువొస్తే ఏది కానుకో ఏది కట్నమో చెప్పే కాగితమే ఉండదు.

నరసన్నపేట: శాస్త్రం ఒప్పుకుంది కదా అనేవారున్నారు.

చీపురుపల్లి: ఏ శాస్త్రం? ‘న కన్యాయాః పితా విద్వాన్ గృహ్ణీయాచ్ఛుల్కమణ్వపి’ అని మనువు మూడో అధ్యాయంలోనే ఉంది. కూతురికి అణువంత శుల్కం, అంటే ఓలి, పుచ్చుకున్నా తండ్రి బిడ్డనమ్ముకున్నవాడే. అది చదువుకున్న ఇళ్లలోనే శుల్కం నడిచింది. విజయనగరం ఆనందగజపతి మహారాజు విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ల పెళ్లిళ్ల లెక్క తీయిస్తే 1,034 శుల్కం పెళ్లిళ్లు తేలాయని గురజాడ 1897లో కన్యాశుల్కం పీఠికలో రాశారు. ఏడాది పిల్లకి 350 నుంచి 400 రూపాయల ధర! శాస్త్రం పాపమంటున్నా వాళ్లకది ఆనవాయితీ. మనుధర్మం మాటలన్నీ నాకు సమ్మతం కాదు గాని, ఈ శ్లోకాన్ని పక్కకి నెట్టింది నాస్తికులు మాత్రం కాదు.

టెక్కలి: సరేనండి. మాండలిక పదకోశానికి ఇలా రాసుకుంటున్నాను. ‘మర్యాదగా (క్రియావిశేషణం): 1. గౌరవంగా. 2. బెదిరింపు సూచన. 3. పెళ్లి మాటల్లో: ఎంతో చెప్పకుండా అడుగుతూ.’

నరసన్నపేట: మూడోదానిలో ‘ఎంతో చెప్పకుండా’ తీసెయ్యండి. ఎంతో మధ్యవర్తి సాయంత్రం ఫోను చేసి చెప్తాడు.