అయోవా బార్న్‌స్టార్మర్స్ తొలి మూడు సీజన్లు: ఘనత కర్ట్ వార్నర్ ఒక్కడిదేనా?

ప్రశ్న

అమెరికాలోని ఇండోర్ ఫుట్‌బాల్ చరిత్రను కొంతకాలంగా శ్రద్ధగా చదువుతున్నాను. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే కాలితో ఆడే సాకర్ కాదని, కోలగా ఉండే బంతిని చేతబట్టి పరుగెత్తే, విసిరే అమెరికన్ ఫుట్‌బాల్ అని ముందే చెబుతున్నాను. 1987లో నాలుగు జట్లతో మొదలైన అరీనా ఫుట్‌బాల్ లీగ్‌లో 1995లో అయోవా రాష్ట్రంలోని డి మోయిన్ నగరం తరఫున అయోవా బార్న్‌స్టార్మర్స్ అనే కొత్త జట్టు చేరింది. మొదటి ఏడాది 7 మ్యాచ్‌లు గెలిచి 5 ఓడిన ఆ జట్టు, 1996లో 14 మ్యాచ్‌లకు 12 గెలిచి ఫైనల్‌కు వెళ్లింది. 1997లో 11 గెలిచి మళ్లీ ఫైనల్ ఆడింది. దీని గురించి ఎక్కడ చదివినా క్వార్టర్‌బ్యాక్ (దాడిని నడిపిస్తూ బంతిని విసిరే ఆటగాడు) కర్ట్ వార్నర్ పేరు తప్ప మరో మాట కనిపించదు. లీగ్‌లోకి కొత్తగా వచ్చిన ఎక్స్‌పాన్షన్ జట్టు ఇంత త్వరగా నిలదొక్కుకోవడానికి ఒక్క ఆటగాడే కారణమనుకోవడం సబబేనా?

మొదటి సమాధానం

వార్నర్ లేకుండా ఆ కథ లేదు, కానీ ఆ ఆట స్వరూపం తెలియకపోతే వార్నర్ కూడా అర్థం కాడు. ఈ ఆటను రూపొందించిన జిమ్ ఫోస్టర్ 1981లో మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఇండోర్ సాకర్ మ్యాచ్ చూస్తూ, తన దగ్గరున్న కవరు మీదే మైదానం నమూనా గీశాడు. దాని పొడవు 50 గజాలు, వెడల్పు 85 అడుగులు. ఒక్కో పక్షాన ఎనిమిది మంది ఆడతారు. పక్కల మెత్త పొదిగిన గోడలు, చివరల్లో గోల్ స్తంభాలకు అటూ ఇటూ వలలు ఉంటాయి, వలకు తగిలి వెనక్కి వచ్చిన బంతి ఇంకా ఆటలోనే ఉంటుంది. పంట్, అంటే బంతిని ఎదుటివారి వైపు దూరంగా తన్నేయడం, నిషిద్ధం కాబట్టి, చివరిదైన నాలుగో ప్రయత్నంలో ముందుకు వెళ్లాలి లేదా ఫీల్డ్ గోల్‌కు, అంటే గోల్ స్తంభాల మధ్యకు, తన్నాలి. బంతిని దూరంగా తన్నేసి ఊపిరి పీల్చుకునే అవకాశం ఎవరికీ లేదు. పైగా ఆ రోజుల్లో క్వార్టర్‌బ్యాక్, కిక్కర్, కొందరు ప్రత్యేక ఆటగాళ్లు మినహా మిగతావాళ్లంతా దాడిలోనూ రక్షణలోనూ ఆడవలసి వచ్చేది.

ఇంత ఇరుకు చోట బంతిని పట్టుకుని ఆలోచిస్తూ నిలబడే క్వార్టర్‌బ్యాక్ నేలకూలడం ఖాయం. నార్తర్న్ అయోవా విశ్వవిద్యాలయంలో చదివిన వార్నర్‌ను అమెరికా ప్రధాన ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 1994లో ఎవరూ తీసుకోలేదు, ఆ లీగ్ జట్టు గ్రీన్ బే ప్యాకర్స్ శిక్షణ శిబిరం నుంచి పంపేసింది. ఆ తర్వాత అతడు సీడర్ ఫాల్స్‌లో ఒక కిరాణా సూపర్‌మార్కెట్‌లో గంటకు 5.50 డాలర్లకు రాత్రిపూట సరుకులు సర్దాడు. అతడికి జట్టులో చోటిచ్చిన కోచ్ జాన్ గ్రెగరీ పేరు మీ ప్రశ్నలో లేకపోవడం నాకు లోటుగా తోచింది. గ్రెగరీ 1989లో సస్కాచెవాన్ రఫ్‌రైడర్స్‌కు కెనడా లీగ్ ట్రోఫీ అయిన గ్రే కప్ సాధించిపెట్టాడు. 110 గజాల కెనడా మైదానానికి అలవాటుపడిన కోచ్ 50 గజాల మైదానంలో రెండో ఏడాదికే ఫైనలిస్టును తయారుచేయడం, నా దృష్టిలో, వార్నర్ 1997లో విసిరిన 79 టచ్‌డౌన్ పాస్‌లకు (బంతిని ఎదుటి చివరి గీత దాటించి పాయింట్లు తెచ్చే విసుర్లకు) తీసిపోని పని.

రెండో సమాధానం

పై మాటలతో ఏకీభవిస్తూనే, ఊరి పాత్ర కూడా చెప్పాలి. సరిగ్గా అదే 1995లో సెయింట్ లూయిస్ స్టాంపీడ్ కూడా కొత్త జట్టుగా లీగ్‌లోకి వచ్చింది. అది పెద్ద నగరం. కానీ అప్పటికే బేస్‌బాల్‌లో కార్డినల్స్, హాకీలో బ్లూస్ ఉన్న ఆ నగరానికి ఆ ఏడాదే లాస్ ఏంజెలెస్ నుంచి ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు రామ్స్ కూడా తరలివచ్చింది. రెండు సీజన్లు ఆడి స్టాంపీడ్ మూతపడింది. అయోవా రాష్ట్రంలో అగ్రశ్రేణి వృత్తి క్రీడాజట్టు ఏదీ లేకపోవడంతో బార్న్‌స్టార్మర్స్ అభిమానులను ఎవరితోనూ పంచుకోవలసిన అవసరం రాలేదు. ఆ జట్టు యజమాని మరెవరో కాదు, పైన చెప్పిన జిమ్ ఫోస్టరే. తాను సృష్టించిన ఆటకు ఎలాంటి ఊరు నప్పుతుందో అతడికి బాగా తెలుసని నా నమ్మకం. పల్లెల మీదుగా తిరుగుతూ విమాన విన్యాసాలు చూపిన పాతకాలపు వైమానికుల పేరు జట్టుకు పెట్టి, హెల్మెట్ల మీద వాళ్ల కళ్లద్దాలను చిత్రించడం, జట్టు ఆడిన వెటరన్స్ మెమోరియల్ ఆడిటోరియాన్ని జనం ముద్దుగా ‘బార్న్’ అని పిలుచుకోవడం, ఇవన్నీ జట్టును సొంతం చేసుకున్న తీరుకు గుర్తులు.

ప్రశ్న అడిగినవారు

గ్రెగరీ ప్రస్తావన నా అవగాహనను సరిదిద్దింది. అయితే ఆ రెండు ఫైనళ్లలోనూ ఓడిపోవడాన్ని కొత్త జట్టు అనుభవలేమిగా చూడాలా?

మూడో సమాధానం

రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు. 1996 ఫైనల్ డి మోయిన్‌లోనే, సొంత జనం ఎదుట జరిగింది. టాంపా బే స్టార్మ్ 42-38తో గెలిచింది. ఎదుటి కోచ్ టిమ్ మార్కమ్ అప్పటికే ఐదు అరీనా బౌల్‌లు, అంటే ఈ లీగ్ ఫైనళ్లు, గెలిచినవాడు. అలాంటివాడి జట్టుతో రెండో ఏట నాలుగు పాయింట్ల తేడా వరకు పోరాడినవారిని అనుభవం లేనివారనడం అన్యాయం. 1997లో మాత్రం ఫీనిక్స్‌లో అరిజోనా రాట్లర్స్ 55-33తో స్పష్టంగా ఓడించింది. ఆ రాట్లర్స్ కూడా ఒకప్పుడు కొత్త జట్టే: 1992లో చేరి, డానీ వైట్ శిక్షణలో మూడో సీజన్‌కే, 1994లో, ఒర్లాండో ప్రెడేటర్స్‌ను 36-31తో ఓడించి టైటిల్ అందుకుంది. 1991లో వచ్చిన ఒర్లాండో దురదృష్టం ఇంకా పెద్దది. 1992, 1994, 1995 ఫైనళ్లు మూడూ ఓడి, చివరికి 1998లో గెలిచింది.

బార్న్‌స్టార్మర్స్‌కు అంత ఓపికతో వేచి ఉండే వ్యవధి దొరకలేదు. వార్నర్ 1998లో ఎన్‌ఎఫ్‌ఎల్‌కు చెందిన యూరప్ లీగ్‌లోని ఆమ్‌స్టర్‌డామ్ అడ్మిరల్స్‌కు ఆడి, ఆపై స్టాంపీడ్ నిలవలేకపోయిన అదే సెయింట్ లూయిస్‌లో రామ్స్ తరఫున 1999 సీజన్‌లో ఎన్‌ఎఫ్‌ఎల్ అత్యుత్తమ ఆటగాడిగా, ఆ లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ విజేతగా నిలిచాడు. బార్న్‌స్టార్మర్స్ 2000 సీజన్ ముగిశాక న్యూయార్క్‌కు తరలిపోయి డ్రాగన్స్‌గా మారింది. అదే పేరుతో డి మోయిన్‌లో మళ్లీ జట్టు ఆడటానికి 2008 వరకు పట్టింది.