అప్‌డేట్: స్కాన్ చేసిన పాత బిల్లుల్లో పార్టీ పేరు వెతికితే ఇప్పుడు దొరుకుతోంది

చెన్నై ప్యారీస్ కార్నర్‌లో మా హార్డ్‌వేర్ షాపు పాత బిల్లుల పీడీఎఫ్‌లలో ఏం వెతికినా రావట్లేదని అడిగాను కదా, పని అయింది. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను గుర్తించి వెతకగలిగే టెక్స్ట్‌గా మార్చడం) చేయమన్నవారి మాటే నిజం. ఆ ఫైళ్లలో ఉన్నది బొమ్మలే, అక్షరాల పొర లేదు. టెసరాక్ట్ అనే ఓసీఆర్ సాఫ్ట్‌వేర్‌తో చేయించాం. మొదట ఇంగ్లిష్ ఒక్కటే పెడితే తమిళ, తెలుగు పేర్లన్నీ పిచ్చి గీతలయ్యాయి. బెజవాడ పార్టీల బిల్లులు మాకు చాలానే ఉంటాయి మరి! మూడు భాషల ఫైళ్లూ వేశాక దారికొచ్చింది.

కొత్త స్కానర్ అక్కర్లేకపోయింది. స్కాన్‌ను 600 డీపీఐ (అంగుళానికి చుక్కల సంఖ్య)తో చేస్తే ఫైలు బరువు పెరగడం తప్ప లాభం లేదు, 300 చాలు. కానీ గ్రేస్కేల్ (బూడిద రంగు ఛాయలు కూడా వచ్చే సెట్టింగ్) పెట్టండి. బ్లాక్ అండ్ వైట్‌లో కార్బన్ కాపీల మీది లేత నీలం అంకెలు సగం ఎగిరిపోయాయి.

నాన్నగారి చేతిరాత చిట్టాల దగ్గర మాత్రం సాఫ్ట్‌వేర్ చేతులెత్తేసింది. వాటికి ఫైలు పేరులోనే సంవత్సరం, నెల, పార్టీ పేరు మా గుమస్తా టైప్ చేస్తున్నాడు.

కాగితాలు అప్పుడే పారేయొద్దన్నారు ఆడిటర్ గారు. జీఎస్టీ లెక్కలు వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలట.